పచ్చని చోటుకు సరైన ఇంగ్లీషు మాట: ఒక పదకోశం పని డైరీ

జనవరి

నగరంలో ఉన్న పచ్చని చోట్ల గురించి ఇంగ్లీషులో రాయమంటే మన చేతికి ముందు తగిలేవి మూడు మాటలు: పార్క్, గార్డెన్, గ్రీనరీ. రోడ్డు మధ్య గడ్డి పట్టీ మొదలుకొని వందల ఎకరాల చిట్టడవి దాకా అన్నిటినీ ఈ మూడింట్లోనే సర్దేస్తాం. ముందు ఒక ‘బ్యూటిఫుల్’ తగిలిస్తే వర్ణన అయిపోయిందనుకుంటాం. చదివేవాళ్ళకు మాత్రం ఏ చోటూ కళ్ళకు కట్టదు. అక్కడ చెట్లున్నాయా, ఉత్త గడ్డేనా, లోపలికి వెళ్ళనిస్తారా, పిల్లలు ఆడుకుంటారా, ఏదీ తెలియదు.

ఇంగ్లీషులో ఈ చోట్లకు పేర్లు లేక కాదు. కామన్, గ్రీన్, హీత్, మెడో, గ్రోవ్, వర్జ్, స్క్వేర్, అలాట్‌మెంట్... తవ్వేకొద్దీ వస్తూనే ఉంటాయి. అవి మన రాతల్లోకి రావడం లేదంతే. అందుకే ఈ పదకోశం మొదలుపెట్టాను. మ్యాపుల్లో పేర్లు నింపేవాళ్ళకు, నగరాల మీద నివేదికలు రాసేవాళ్ళకు, ప్లానింగ్ చదివే పిల్లలకు, ఫొటో కింద రెండు వాక్యాలు రాయాల్సినవాళ్ళకు అందరికీ పనికొచ్చేలా చేయాలని. ఒక్కో మాటకు ఒక్కో కార్డు. కార్డు మీద ఆ మాట నిజంగా ఎక్కడ నప్పుతుందో, ఎక్కడ నప్పదో రాసి, కింద ఒక వాడుక వాక్యం ఇస్తాను.

ఈ పనిలో నాకు తోడు ఒక అక్క. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మొక్కల సంగతి ఆవిడ చూస్తారు, మాటల సంగతి నేను చూస్తాను. కార్డు నమూనా ఎలా ఉండాలన్న దగ్గరే ఆవిడ నన్ను ఆపారు. చెట్లు, పూలు, బెంచీలు, నడక దారి అన్నీ వచ్చేలా నేను రాసిన ఒక వర్ణన చదివి, “అంతా బానే ఉంది తమ్ముడూ, ఇంతకీ లోపలికి ఎవరైనా పోవచ్చా?” అన్నారు. ఆ ప్రశ్నతోనే కార్డు నమూనా తేలిపోయింది. మొదటి గడి: ఆ చోటు ఎవరిది, ఎవరు రావచ్చు. రెండోది: అక్కడ ఏం చేస్తారు. మూడోది: ఏం పెరుగుతుంది, దాన్ని ఎవరు కోస్తారు. చివరిది: ఆకారం, సైజు. చూడ్డానికి ఎలా ఉంది అన్నదానికి విడిగా గడి పెట్టలేదు. పై నాలుగూ సరిగ్గా చెబితే అది దానంతటదే తెలిసిపోతుంది.

ఫిబ్రవరి: పార్క్, గార్డెన్, స్క్వేర్

బాగా తెలిసిన మాటలతో మొదలుపెట్టడం మంచిదయింది, ఎందుకంటే బాగా తెలుసనుకున్నవే ఎక్కువ చిక్కు పెట్టాయి.

పార్క్ అంటే అందరిదీ అని మనకు గట్టి నమ్మకం. ఆ మాట పుట్టుక సరిగ్గా తిరగబడి ఉంది. మధ్యయుగాల ఇంగ్లండులో పార్క్ అంటే రాజులూ ప్రభువులూ వేట కోసం జింకలను పెట్టి చుట్టూ కంచె కట్టుకున్న నేల. లండన్ హైడ్ పార్కును 8వ హెన్రీ 1536లో వెస్ట్‌మిన్‌స్టర్ మఠం నుంచి తీసుకున్నది కూడా వేటకే. 1637లో 1వ చార్లెస్ దాన్ని జనానికి తెరిచాడు. ప్రజల డబ్బుతో, ప్రజల కోసమే కట్టిన పార్కులు ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు గాని రాలేదు. జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ పార్క్ 1847లో తెరిచారు. 1850లో దాన్ని చూసి వెళ్ళిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి 1858లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ పోటీ గెలిచాడు. ఈరోజు పార్క్ అనగానే మన మనసులో మెదిలే బొమ్మ ఈ 19వ శతాబ్దపు బొమ్మే.

అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. న్యూయార్క్‌లోనే గ్రామర్సీ పార్క్ ఉంది. చుట్టూ ఇనుప కమ్మీలు, గేటుకు తాళం, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకే తాళంచెవి. అందుకని కార్డు మీద ఇలా రాశాం: పార్క్ అన్న మాట ఒక్కటే చాలదు. అందరికీ ప్రవేశం ఉంటే ‘పబ్లిక్ పార్క్’ అని రాయాలి, లేకపోతే ‘ప్రైవేట్’ అని తేల్చాలి. ఏ స్థలంలో ఏం, ఎంత కట్టొచ్చో చెప్పే న్యూయార్క్ 1961 జోనింగ్ నిబంధనల నుంచి మరో జాతి పుట్టింది. ఎక్కువ అంతస్తులకు అనుమతి తీసుకుని, దానికి బదులుగా భవనం వాళ్ళు జనానికి వదిలే జాగా. స్థలం వాళ్ళది, వాడుక మనది. దాన్ని ‘ప్రైవేట్లీ ఓన్డ్ పబ్లిక్ స్పేస్’ అంటారు. పేరు పొడుగే, కాని అందులో ఒక్క మాట తీసినా అబద్ధమవుతుంది. ఇలాంటిచోట పొడుగు పేరే వాడమని కార్డు చెబుతుంది.

గార్డెన్ దగ్గర బ్రిటిష్, అమెరికన్ తేడా తప్పదు. ఇంటి వెనక గడ్డి, రెండు చెట్లు, బట్టలు ఆరేసే తీగ ఉన్న జాగా బ్రిటిష్ వాళ్ళకు గార్డెన్. అదే జాగా అమెరికన్లకు యార్డ్. అందులో పూలో కూరగాయలో పెంచే మడి మాత్రమే వాళ్ళకు గార్డెన్. బ్రిటిష్ వాళ్ళ చెవికి యార్డ్ అంటే సిమెంటు చేసిన పెరడు. రాసేవాళ్ళు ముందే ఒక పక్షం ఎంచుకుని చివరి దాకా దాన్నే పట్టుకోవాలి. మా వాడుక వాక్యాలన్నీ బ్రిటిష్ పక్షాన రాయాలని, అమెరికన్ మాట తేడాగా ఉన్నచోట పక్కన అది కూడా చెప్పాలని నిర్ణయించుకున్నాం.

నగరాల్లో గార్డెన్ అన్న పేరున్నంత మాత్రాన మొక్కలు ఉంటాయనీ లేదు. కోవెంట్ గార్డెన్ ఒకప్పుడు మఠం వాళ్ళ తోట, ఇప్పుడు రాళ్ళు పరిచిన అంగడి. మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఆటల ప్రాంగణం. పేరు వేరు, వర్ణన వేరు. పేరును పేరుగా వదిలేసి, ఆ పక్క వాక్యంలో అక్కడ నిజంగా ఏముందో చెప్పాలి.

స్క్వేర్ సంగతీ అంతే. జేమ్స్ ఓగల్‌థోర్ప్ 1733లో వేసిన అమెరికాలోని సవానా నగరం ప్లానులోని స్క్వేర్లు ఇప్పుడు ఓక్ చెట్ల నీడలో బెంచీలున్న పచ్చని గళ్ళు. అలాంటివి ఇప్పటికీ 22 మిగిలి ఉన్నాయి. లండన్‌లో రస్సెల్ స్క్వేర్ చెట్లతో నిండి ఉంటుంది, ట్రఫాల్గర్ స్క్వేర్ నిండా రాతి పలకలు. కాబట్టి స్క్వేర్ ముందు ‘గార్డెన్’ గాని ‘పేవ్డ్’ గాని పెట్టకుండా వదలొద్దు.

ఫిబ్రవరి ఆఖరు: కామన్, గ్రీన్

ఇంతవరకూ చేసిన కార్డుల్లో నాకు బాగా ఇష్టమైనవి ఈ రెండే. మామూలుగా ఈ రెంటినీ ‘గడ్డి మైదానం’ అనుకుని దాటేస్తాం. నిజానికి రెండూ హక్కుల మాటలు.

కామన్ అంటే ఎవరిదీ కాని నేల కాదు. ఇంగ్లండులో దానికి యజమాని ఉంటాడు. ఆ నేల మీద పశువులు మేపుకునే హక్కు, పుల్లలు ఏరుకునే హక్కు, పొయ్యిలోకి పీట్ (బురద నేలలో ఏర్పడే మట్టి లాంటి ఇంధనం) తవ్వుకునే హక్కు చుట్టుపక్కలవాళ్ళకు ఉంటుంది. నేల ఒకరిది, వాడుక పదిమందిది. 1634 నాటి బోస్టన్ కామన్‌లో 1830 దాకా ఆవులు మేశాయి. ఈరోజు అక్కడ ఆవులు లేవు, మేపుకునే వాళ్ళూ లేరు, కాని కామన్ అన్న పేరు ఇది అందరిదీ అనే మాటను ఇంకా మోస్తోంది. లండన్ చుట్టుపక్కల కామన్లను కట్టడాలు మింగేయబోతే, వాటిని కాపాడమని జనం చేసిన పోరాటాల వల్లే హాంప్‌స్టెడ్ హీత్‌కు 1871లో, ఎపింగ్ అడవికి 1878లో ప్రత్యేక చట్టాలొచ్చాయి.

గ్రీన్ ఇంకా చిత్రమైనది. ఇంగ్లండు, వేల్స్‌లో ‘టౌన్ ఆర్ విలేజ్ గ్రీన్’ అన్నది చట్టంలో ఉన్న మాట. 2006 కామన్స్ చట్టం ప్రకారం, ఒక నేల మీద స్థానికులు 20 ఏళ్ళు ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరూ అడ్డు చెప్పకుండా, బాహాటంగా ఆటపాటలకు వాడుకుంటే దాన్ని గ్రీన్‌గా నమోదు చేయమని అడగొచ్చు. కుక్కను తిప్పడం, పిల్లలు బంతాట ఆడటం కూడా లెక్కలోకి వస్తాయి. నమోదయ్యాక దాని మీద ఇల్లు కట్టడం దాదాపు అసాధ్యం. ఆలోచించండి: నేల రంగును బట్టి కాదు, జనం ఎన్నాళ్ళు ఆడుకున్నారన్నదాన్ని బట్టి దానికి ‘గ్రీన్’ అన్న పేరు వస్తుంది. ఈ సంగతి తెలిశాక, ఏదో అపార్ట్‌మెంట్ ముందున్న గడ్డి చదరానికి ‘విలేజ్ గ్రీన్’ అని పేరు పెట్టడానికి చేయి రాదు.

ఎవరైనా వివరాలు చేర్చగల ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది. ఏ చోటు ఏమిటో చెప్పే ఆ మ్యాపు ట్యాగులు బ్రిటిష్ ఇంగ్లీషులో ఉంటాయి. పార్కుకు ఒకటి, తోటకు ఒకటి, ఉత్త గడ్డికి ఒకటి, ఆటలకు వదిలిన నేలకు ఒకటి, విలేజ్ గ్రీన్‌కు వేరే ఒకటి ఉన్నాయి. ఎక్కడెక్కడివాళ్ళో చిన్న గడ్డి ముక్కలన్నిటికీ విలేజ్ గ్రీన్ ట్యాగు తగిలించారు. మ్యాపులు నింపేవాళ్ళ కోసం కార్డు వెనక ఒక వరుస కలిపాం: పేరు తోచకపోతే ‘గ్రాస్’ అని రాసి వదిలేయండి. సంగతి తెలిసినవాళ్ళు తర్వాత సరిచేస్తారు. గొప్ప పేరు పెడితే అది తప్పని ఎవరికీ అనుమానం రాదు.

మార్చి: గడ్డి

ఈ కార్డులు అక్క రాజ్యం. గడ్డి ఎంత ఎత్తుంది, ఎవరు కోస్తున్నారు, ఎప్పుడు కోస్తున్నారు అన్నదే ఇక్కడ మొత్తం తేడా.

లాన్ అంటే పొట్టిగా, తరచూ కోస్తూ, నడవడానికో కూర్చోడానికో ఉంచిన గడ్డి. మెడో అంటే కోయకుండా ఎదగనిచ్చి, పూలు పూసి గింజ రాల్చాక ఏడాదికి ఒకటి రెండు సార్లు కోసే గడ్డి. ఆ మాటకు మూలమే కోత. పశువులు నేరుగా మేసే నేలైతే పాశ్చర్. అక్క ఇంకో సంగతి చెప్పారు: మెడోలో పూలు రకరకాలుగా ఉండాలంటే నేలలో సారం తక్కువగా ఉండాలి, కోసిన గడ్డిని అక్కడే వదిలేయకుండా తీసేయాలి. లేకపోతే బలమైన గడ్డి జాతులు రెండు మూడు మిగతావాటిని తొక్కేస్తాయి. అంటే గడ్డి కోయడం మానేసిన ప్రతి చోటూ మెడో అయిపోదు. అలా వదిలేసినదాన్ని ‘అన్‌మోన్ గ్రాస్’ అనాలి, అంతే.

పేర్లలో మాత్రం చరిత్ర మిగిలిపోతుంది. సెంట్రల్ పార్కులో షీప్ మెడో ఇప్పుడు పొట్టి లాన్. 1934 దాకా అక్కడ నిజంగా గొర్రెలు మేసేవి.

ఇదే వారంలో టర్ఫ్, సాడ్ కూడా ముగించాం. నేలను పట్టుకుని ఉన్న గడ్డి, వేళ్ళతో సహా పై పొర, టర్ఫ్. పరచడానికి చుట్టలుగా కోసుకొచ్చే పొరను అమెరికన్లు సాడ్ అంటారు. ఆటలవాళ్ళు ‘ఆర్టిఫిషియల్ టర్ఫ్’ అనడం మొదలుపెట్టాక, టర్ఫ్ అంటే ప్లాస్టిక్ అనుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. కాబట్టి నిజమైన గడ్డి అయితే ‘నేచురల్ టర్ఫ్’ అని చెప్పడం మేలు.

గ్రౌండ్ అన్న మాటకు మనవాళ్ళ కోసం విడిగా కార్డు వేయాల్సి వచ్చింది. మనం ప్లేగ్రౌండ్ అని ఎక్కడ పడితే అక్కడ వాడతాం. ఇంగ్లీషువాళ్ళకు ప్లేగ్రౌండ్ అంటే ఊయలలు, జారుడుబల్ల ఉన్న పిల్లల జాగా, లేదా బడి ఆవరణ. ఫుట్‌బాల్, క్రికెట్ ఆడే చోటు ప్లేయింగ్ ఫీల్డ్. గీతలు గీసి ఉన్న ఒక్క ఆటస్థలం పిచ్. క్రికెట్‌లో మాత్రం పిచ్ అంటే మధ్యలో ఉండే 22 గజాల పట్టీ కూడా, కాబట్టి అక్కడ జాగ్రత్త. ఆస్ట్రేలియాలో మొత్తం మైదానాన్ని ఓవల్ అంటారు.

మార్చి ఆఖరు: చెట్లు, నీడ

తెలుగులో తోట అన్న ఒక్క మాట ఎంత బరువు మోస్తుందో ఈ కార్డులు రాస్తుంటే తెలిసింది. పూలతోట గార్డెన్, మామిడితోట ఆర్చర్డ్, కొబ్బరితోట చిన్నదైతే గ్రోవ్, వందల ఎకరాల తేయాకు తోట ప్లాంటేషన్. ఏ చెట్లు, ఎందుకు పెంచుతున్నారు అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. పండ్ల కోసమైతే ఆర్చర్డ్, అమ్మకానికి ఒకే పంట పెద్ద ఎత్తున వేస్తే ప్లాంటేషన్. గ్రోవ్ అంటే కింద పొదలు లేకుండా మనిషి హాయిగా నడిచేంత ఎడంగా ఉన్న చెట్ల గుంపు.

ప్లాంటేషన్ కార్డుకు ఎర్రగీత పెట్టాం. మన ఇంగ్లీషులో ‘ట్రీ ప్లాంటేషన్’ అంటే మొక్కలు నాటడం. బయటివాళ్ళు చదివితే కలప కోసమో రబ్బరు కోసమో వేసిన తోట అనుకుంటారు. నాటడమనే పనికి ‘ట్రీ ప్లాంటింగ్’ అనాలి. ఇది ఆధారాలతో నిలబడాల్సిన నివేదికలో వస్తే ఎంత తేడా తెస్తుందో చూడండి: ఒక ఉద్యమం జరిగిందని మనం రాస్తే, ఒక వ్యాపారం నడుస్తోందని వాళ్ళు చదువుతారు.

ఫారెస్ట్ గురించి తెలిసినప్పుడు అక్క కూడా ఆశ్చర్యపోయారు. నార్మన్ల కాలంలో ఇంగ్లండులో ఫారెస్ట్ అంటే రాజుగారి వేట చట్టం వర్తించే నేల. చెట్లుండాలన్న నియమమేమీ లేదు. 1వ విలియం 1079లో ఏర్పరచిన న్యూ ఫారెస్ట్‌లో ఇప్పటికీ చాలా భాగం బయలు హీత్. హీత్ అంటే సారం లేని ఇసుక నేలలో హెదర్ లాంటి పొట్టి పొదలు పెరిగే చోటు. చెట్లు దగ్గరదగ్గరగా ఉన్న మామూలు చిట్టడవిని బ్రిటిష్ వాళ్ళు ‘ఎ వుడ్’ అంటారు, అమెరికన్లు ‘ద వుడ్స్’ అంటారు. వర్ణన కోసం ఇద్దరికీ సరిపోయే మాట వుడ్‌ల్యాండ్. నగరంలో ఉన్నదానికి మేం దాన్నే ముందు పెట్టాం.

ఇక ‘అర్బన్ ఫారెస్ట్’ పూర్తిగా వేరే సంగతి. అడవి అని చూసి ఒక చోట గుబురుగా ఉన్న చెట్లనుకుంటారు. వృత్తిలో ఉన్నవాళ్ళు మాత్రం వీధి చెట్లు, ఇళ్ళల్లోని చెట్లు, పార్కు చెట్లు, నగరంలో ఉన్న చెట్లన్నిటినీ కలిపి అర్బన్ ఫారెస్ట్ అంటారు. దాన్ని కొలిచేది ‘క్యానపీ కవర్’: పైనుంచి చూస్తే చెట్ల తలలు కప్పిన నేల ఎంత శాతం అని. 2021లో నగర చెట్ల నిపుణుడు సెసిల్ కొనైనెండైక్ ప్రతిపాదించిన 3-30-300 సూత్రం ఈ మాటల మీదే నిలబడింది. ప్రతి ఇంటి నుంచి 3 చెట్లు కనబడాలి, ప్రతి పేటలో 30 శాతం క్యానపీ కవర్ ఉండాలి, 300 మీటర్లలో ఒక పచ్చని బహిరంగ స్థలం ఉండాలి. క్యానపీ కవర్ అన్నచోట ఎవరైనా ‘గ్రీన్ కవర్’ అని రాశారంటే గడ్డి కూడా లెక్కలోకి వచ్చి అంకె అమాంతం పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో నడిచే మనిషికి గడ్డి నీడ ఇవ్వదు.

నీడ అన్నాం కాబట్టి అది కూడా. మన నీడ ఒకటే, ఇంగ్లీషులో రెండు. ఎండ తగలకుండా కాపాడేది షేడ్. నేల మీద పడే ఆకారం షాడో. చెట్టు కింద కూర్చున్న మనిషి షేడ్‌లో ఉంటాడు. ‘షేడీ పార్క్’ అన్నా తప్పు లేదు గాని, షేడీకి అనుమానాస్పదం అన్న అర్థం కూడా ఉంది. ‘వెల్-షేడెడ్’ అంటే ఆ పేచీ ఉండదు.

ఏప్రిల్: పట్టీలు, ముక్కలు

రోడ్డుకూ నడకదారికీ మధ్య ఉండే గడ్డి పట్టీకి ఇంగ్లీషు దేశాల్లో ఒక్కోచోట ఒక్కో పేరు. బ్రిటన్‌లో వర్జ్. ఆస్ట్రేలియాలో చాలాచోట్ల నేచర్ స్ట్రిప్. న్యూజిలాండ్‌లో బర్మ్. షికాగోలో పార్క్‌వే, ఒహాయోలోని ఏక్రన్‌లో డెవిల్ స్ట్రిప్. రోడ్డు మధ్యలో ఉండేదైతే బ్రిటన్‌లో సెంట్రల్ రిజర్వేషన్, అమెరికాలో మీడియన్, న్యూ ఆర్లీన్స్‌లో న్యూట్రల్ గ్రౌండ్. పార్క్‌వే అన్న మాటను ఓమ్‌స్టెడ్, వాక్స్ ఇద్దరూ చెట్ల వరసలతో ఉన్న విశాలమైన రహదారికి పెట్టారు. షికాగోలో అది ఇంటి ముందు గడ్డి పట్టీకి దిగింది. ఇన్నిటినీ గుర్తుపెట్టుకోమని ఎవరికీ చెప్పం. ‘రోడ్‌సైడ్ వర్జ్’ అంటే ఎక్కడి పాఠకుడికైనా అర్థమవుతుంది.

ఫుట్‌పాత్ కూడా ఇక్కడే చేర్చాం. మనకది రోడ్డు పక్క గట్టు. బ్రిటన్‌లో దాన్ని పేవ్‌మెంట్ అంటారు, అమెరికాలో సైడ్‌వాక్. పార్కులోపలి నడకదారికి ఉత్త ‘పాత్’ చాలు.

చిన్న చోట్ల పేర్లు ఈ మధ్యవే కాబట్టి పని తొందరగా తెమిలింది. రెండు భవనాల మధ్య మిగిలిన ముక్కలో చేసిన పార్క్ ‘పాకెట్ పార్క్’. న్యూయార్క్‌లో 1967లో తెరిచిన పేలీ పార్క్ దానికి మంచి నమూనా. ఎకరంలో పదో వంతు జాగా, వెనక గోడ నిండా జలపాతం, కదిలించుకునే కుర్చీలు. ‘పార్క్‌లెట్’ ఇంకా చిన్నది, కారు ఆపుకునే చోటును బెంచీలకూ కుండీలకూ ఇచ్చేయడం. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు కళాకారులు పార్కింగ్ మీటరుకు డబ్బు కట్టి, ఆ జాగాలో గడ్డి పరిచి, ఒక చెట్టు, ఒక బెంచీ పెట్టారు. అక్కడి నుంచి పాకిన ఆలోచన ఇది. పొడుగ్గా పోయేవి ‘లీనియర్ పార్క్’: న్యూయార్క్‌లో వాడుకలో లేని రైలు వంతెన మీద 2009లో తెరిచిన హై లైన్, అంతకు ముందే పారిస్‌లో పాత రైలు కట్ట మీద చేసిన ప్రొమెనాద్ ప్లాంతే. అలాంటిదాన్ని ‘లాంగ్ పార్క్’ అని రాసినవి చాలా చూశాను. పొడుగు అన్నది కొలత మాత్రమే. లీనియర్ అంటే నడుచుకుంటూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరొచ్చని అర్థం.

మే మొదట్లో: విశేషణాల ఏరివేత

ఈ పనంతటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే. నామవాచకం సరిగ్గా పడితే విశేషణాలు చాలావరకు అక్కర్లేదు. ఒక వాక్యాన్ని తీసుకుని చూపిస్తాను. మొదటి రూపం: ‘ఎ బ్యూటిఫుల్ గ్రీన్ ప్లేస్ విత్ లాట్స్ ఆఫ్ ట్రీస్ అండ్ నైస్ గ్రీనరీ.’ దీన్ని ఫొటోలో కనిపించినదాన్ని బట్టి తిరగరాస్తే: ‘ఎ ఫెన్స్‌డ్ పబ్లిక్ గార్డెన్, మోస్ట్లీ లాన్, విత్ ఎ రో ఆఫ్ ఓల్డ్ రెయిన్ ట్రీస్ షేడింగ్ ద సౌత్ పాత్.’ ఒక్క పొగడ్త లేదు, అయినా ఇప్పుడు అక్కడికి వెళ్ళి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది.

ఉంచిన విశేషణాలు కొన్ని ఉన్నాయి, హెచ్చరికలతో. ‘లష్’ అంటే నీరు పుష్కలంగా తాగి గుబురుగా ఎదిగినది. ఎండిన వేసవిలో తీసిన ఫొటో కింద అది వద్దు. ‘లీఫీ’ నగరాల విషయంలో చెట్లతో పాటు డబ్బున్న పేట అన్న సూచన కూడా మోస్తుంది. పేదల పేటలో చెట్లు ఉంటే ‘ట్రీ-లైన్డ్’ అనడం న్యాయం. ‘మ్యానిక్యూర్డ్’ అంటే కత్తిరించి దువ్వినట్టున్నది. పొగడ్త అవుతుంది, ఎత్తిపొడుపూ అవుతుంది. ‘ఓవర్‌గ్రోన్’ అంటే ఎవరూ చూసుకోవడం లేదని నింద వేసినట్టే, కాబట్టి కావాలని పెరగనిచ్చిన చోటుకు వాడితే అక్కడ పనిచేసేవాళ్ళకు అన్యాయం. ‘ప్రిస్టీన్’ అంటే మనిషి చేయి పడనిది. నగరంలో అలాంటి చోటు ఉండదు. ఆ కార్డు తీసేశాం.

మే ఆఖరు: పెద్ద మాటలు, రంగు మాటలు

‘గ్రీన్ స్పేస్’ అన్నది గొడుగు మాట. నివేదిక పేరుకు బాగుంటుంది, ఒక్క చోటును వర్ణించడానికి పనికిరాదు. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.7 చూడండి. 2030 నాటికి సురక్షితమైన, అందరినీ కలుపుకునే, అందుబాటులో ఉండే ‘గ్రీన్ అండ్ పబ్లిక్ స్పేసెస్’ అందరికీ, ముఖ్యంగా స్త్రీలకు, పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు దక్కాలంటుంది. అక్కడ గ్రీన్, పబ్లిక్ అని రెండు మాటలూ పెట్టారు. పచ్చగా ఉన్నంత మాత్రాన అందరిదీ అయిపోదని రాసినవాళ్ళకు తెలుసు. ‘యాక్సెసిబుల్’ కూడా అలాగే చూసి వాడాల్సిన మాట. దగ్గరలో ఉందనా, తాళం లేదనా, చక్రాల కుర్చీ వెళ్తుందనా? ఏదో ఒకటి చెప్పమని కార్డు అడుగుతుంది.

‘గార్డెన్ సిటీ’కి రెండు కార్డులు వేశాం. ఎబెనెజర్ హోవర్డ్ 1898లో ప్రతిపాదించింది ఒక నమూనా పట్టణం: పరిమిత జనాభా, నేల అందరి ఉమ్మడి, చుట్టూ సాగు భూముల పట్టీ. 1903లో లెచ్‌వర్త్ అలా మొదలైంది. సింగపూర్‌లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ 1967లో గార్డెన్ సిటీ అన్నప్పుడు అర్థం వేరు, ఉన్న నగరాన్నే చెట్లతో నింపడం. ఆ తర్వాత వాళ్ళే దాన్ని ‘సిటీ ఇన్ ఎ గార్డెన్’గా, ఇటీవల ‘సిటీ ఇన్ నేచర్’గా మార్చారు. మొదటిదాంట్లో నగరమే తోట, రెండోదాంట్లో తోటలో నగరం, మూడోదాంట్లో తోటమాలి కూడా కాస్త పక్కకు తప్పుకున్నాడు. ఒక ప్రభుత్వం తన పనిని మాటల్లో ఇంత శ్రద్ధగా సరిచేసుకోవడం చూస్తే ముచ్చటేసింది.

‘గ్రీన్ బెల్ట్’, ‘బ్రౌన్‌ఫీల్డ్’ కార్డులను పక్కపక్కనే ఉంచాం. లండన్ చుట్టూ గ్రీన్ బెల్ట్ కోసం 1938లో చట్టం వచ్చింది. దాని పని నగరం పాకకుండా ఆపడం. అందులో చాలాభాగం ప్రైవేటు పొలాలే, జనం తిరిగే పార్కు కాదు. బ్రౌన్‌ఫీల్డ్ అంటే ఇంతకు ముందు కట్టడాలకో పరిశ్రమకో వాడి వదిలేసిన నేల. ఇంగ్లండులోని ఎసెక్స్‌లో కాన్వీ విక్ అలాంటిదే. 1970ల్లో చమురు శుద్ధి కర్మాగారం కోసం చదును చేసి, నడపకుండానే వదిలేశారు. పోసిన ఇసుక మీద పూలమొక్కలు మొలిచాయి, అరుదైన పురుగులూ తేనెటీగలూ చేరాయి. 2005లో దాన్ని శాస్త్రీయ ప్రాధాన్యమున్న రక్షిత స్థలంగా ప్రకటించారు. ‘వేకెంట్ లాట్’ అని రాస్తే అక్కడ ఏమీ లేదనే అర్థం. ఏమీ లేనిచోట కట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఈ కార్డు మీద అక్కకూ నాకూ చాలాసేపు చర్చ నడిచింది. ‘వైల్డ్‌ఫ్లవర్ సైట్’ అని రాద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. “అక్కడ ఏముందో లెక్కపెట్టకుండా పేరెట్లా పెడతాం?” అన్నారు. చివరికి వాడుక వాక్యంలో చోటు పేరు బ్రౌన్‌ఫీల్డ్‌గానే ఉంచి, ఆ వెంటనే అక్కడ పెరిగే మొక్కల పేర్లు, చూసిన నెల రాయాలని నిర్ణయించాం. ‘వేకెంట్’ అన్న మాటను, ఎవరైనా వెళ్ళి చూసి వచ్చాక గాని వాడకూడని వరసలో చేర్చాం.

నీటి చోట్ల మాటలు ఇంకా మిగిలే ఉన్నాయి: పాండ్, లేక్, రిజర్వాయర్, మార్ష్, మన ఇంగ్లీషులో చెరువుకు వాడే ట్యాంక్. ట్యాంక్ అంటే బయటివాళ్ళకు ఇనుప తొట్టి గుర్తొస్తుంది కాబట్టి ముందు దానితోనే మొదలుపెడతాం.